కొత్త కన్సోల్‌కు గేమ్ చేయడానికి ఇంటి స్థలం తాకట్టు పెట్టొచ్చా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. తిరుపతి బైరాగిపట్టెడలో మిద్దె మీద గది అద్దెకు తీసుకుని ముగ్గురు మిత్రులు 14 నెలలుగా ఒక గేమ్ చేస్తున్నారు. కథ తాతయ్యగుంట గంగమ్మది. దాక్కున్న పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేస్తుంది కదా, గేమ్‌లో ఒక్కో వేషానికి ఒక్కో శక్తి. మొదటి గంట ఆట తయారైంది. ఇప్పుడు నింటెండో కంపెనీ కొత్త కన్సోల్ (గేమ్‌లు ఆడటానికే చేసిన మెషిన్) స్విచ్ 2 జోరుగా అమ్ముడుపోతోంది కాబట్టి, బలమంతా దాని మీదే పెట్టి ముందు ఆ ఒక్క కన్సోల్‌కే విడుదల చేయాలని వాళ్ల ఆలోచన. ఖర్చు 18 లక్షలు అవుతుందని లెక్క వేశారు. 6 లక్షలు చేతిలో ఉన్నాయి. మిగతా 12 లక్షలకు ఒకరి నాన్నగారు రేణిగుంట దగ్గరి ఇంటి స్థలం తాకట్టు పెట్టడానికి ఒప్పుకున్నారు. "అన్నా, మనలాంటి బయటి డెవలపర్లు ఒక కన్సోల్ మీద ఇంత పెట్టొచ్చా?" అని అడిగారు.

పెట్టొద్దు తమ్ముడూ. ఆ స్థలం జోలికి వెళ్లొద్దు. కన్సోల్‌కు తప్పకుండా వెళ్లండి, కానీ అది రెండో అడుగు కావాలి. మొదటి అడుగు పీసీ మీద వేయండి. కన్సోల్‌కు వెళ్లేటప్పుడు ఆ ఖర్చులో పెద్ద భాగం ఇంకొకరు భరించేలా చూసుకుని వెళ్లండి.

నేను పాకాల దగ్గర పల్లెలో పెరిగాను. 16 ఏళ్లుగా గేమ్‌ల పనిలో ఉన్నాను, అందులో 9 ఏళ్లు పోర్టింగే చేశాను, అంటే ఒక మెషిన్ కోసం రాసిన గేమ్‌ను ఇంకో మెషిన్ మీద ఆడేలా చేసే పని. చాలాకాలం బెంగళూరులో ఉండి, ఇప్పుడు తిరుచానూరు రోడ్డులోని ఇంటి నుంచే నలుగురితో కలిసి అదే పని చేస్తున్నాను. సొంత డబ్బు పెట్టి ఒకసారి పోగొట్టుకున్నాను కూడా. ఆ సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

ముందు మా తోట గురించి చెప్పాలి. మా నాయనకు 4 ఎకరాల మామిడి ఉండేది. బేనీషా, నీలం, కాలేపాడు అన్నీ కలిసి ఉండేవి. జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలు పెరిగాక అందరిలాగే ఆయన కూడా పాత చెట్లు చాలావరకు తీసేసి బెంగుళూరా పెట్టాడు. పత్రికల్లో తోతాపురి అని రాస్తారే, అదే. ఫ్యాక్టరీ టన్నులకు టన్నులు కొంటుంది, దామలచెరువు మండీలో బేరాలాడే పని ఉండదని ఆయన లెక్క. కొన్నేళ్లు బాగానే నడిచింది. ఒక సీజన్‌లో కాయ కోసి ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టాక రెండు రాత్రులు లైనులోనే ఉండిపోయింది. నాయనతో పాటు నేనూ ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి అడుగు కాయలు మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం కారి తారు మీద చారలు కట్టింది. లోపల పోయిన ఏడాది గుజ్జు ఇంకా డ్రమ్ముల్లోనే ఉందట, కొత్త కాయ వాళ్లకు అవసరం లేదు. వాళ్ల వ్యాపారం వాళ్లు చేసుకుంటున్నారు, అందులో మోసం ఏమీ లేదు. కానీ మా కాయకు ఇంకో గేటు లేదు. 2025లో మన జిల్లా అంతటా అదే గతి పట్టి, కిలోకు 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. గేమ్‌కు అలా ధర నిలబెట్టే ప్రభుత్వం ఉండదు.

కన్సోల్ కంపెనీకీ బయటి డెవలపర్‌కూ ఉండే సంబంధం మొదటి నుంచీ ఇలాంటిదే. 1979లో అటారీ అనే కన్సోల్ కంపెనీ నుంచి బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ పెట్టారు. కన్సోల్ ఒకరిది, గేమ్ ఇంకొకరిది అనే పద్ధతి అక్కడే మొదలైంది. తర్వాత ఎవరు పడితే వాళ్లు నాసిరకం గేమ్‌లు మార్కెట్లో కుమ్మరించడం కూడా ఒక కారణమై 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. అది చూసిన నింటెండో, 1985లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు కన్సోల్‌లో తాళం చిప్ పెట్టింది. అనుమతి లేని కార్ట్రిడ్జ్, అంటే గేమ్ ఉండే డబ్బీ, అందులో ఆడదు. అనుమతి ఉన్న కంపెనీకి కూడా ఏడాదికి 5 గేమ్‌లే. కార్ట్రిడ్జ్‌లు నింటెండోయే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే నష్టం డెవలపర్‌ది. ఇప్పుడు డిజిటల్ స్టోర్లు వచ్చి నిబంధనలు చాలా మెత్తబడ్డాయి గానీ గేటు మాత్రం ఇప్పటికీ వాళ్లదే. ఏ గేమ్ ముందు పేజీలో కనిపించాలో, ఎప్పుడు కనిపించాలో వాళ్లే నిర్ణయిస్తారు. అమ్మకంలో సుమారు 30 శాతం వాళ్లకు పోతుంది.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే భయం కలిగించిన మాట "కన్సోల్ బాగా అమ్ముడుపోతోంది కాబట్టి" అన్నది. కన్సోల్ అమ్ముడుపోవడం ఒక సంగతి, దాని మీద బయటివాళ్ల గేమ్ అమ్ముడుపోవడం ఇంకో సంగతి. రెండూ కలిసిన సందర్భాలున్నాయి, కలవనివీ ఉన్నాయి. 2006లో వచ్చిన నింటెండో వీ 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో చాలామంది దాంతోపాటు వచ్చిన టెన్నిస్, బౌలింగ్ ఆడుకున్నారు, ఇంకొన్ని నింటెండో గేమ్‌లు కొన్నారు. బయటి కంపెనీల్లో జస్ట్ డ్యాన్స్ లాంటివి ఆ గుంపుకు సరిపోయాయి, బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి. కథ, పోరాటం, గంటల తరబడి ఆట ఉన్న బయటి గేమ్‌లు మంచివే అయినా చాలావరకు నిలబడలేదు. అక్కడ కొనేవాళ్లు కోట్లలో ఉన్నారు, కానీ వాళ్లకు కావాల్సిన సరుకు వేరు.

దాని తర్వాత 2012 చివర్లో వీ యూ వచ్చింది. పేరు అదే, కంపెనీ అదే, పాత విజయం కళ్లముందు ఉంది. యూబీసాఫ్ట్ అనే పెద్ద గేమ్ కంపెనీ దాని కోసం జాంబీ యూ అనే గేమ్‌ను ప్రత్యేకంగా చేసి మొదటి రోజే విడుదల చేసింది. తెర ఉన్న కంట్రోలర్‌ను అంత బాగా వాడుకున్న గేమ్ అప్పటికి ఇంకోటి లేదు. లాభం దరిదాపులకు కూడా రాలేదని ఆ కంపెనీ అధిపతే తర్వాత చెప్పాడు. దాంతో అదే కన్సోల్‌కు ప్రత్యేకంగా 2013 ఫిబ్రవరిలో రావాల్సిన రేమన్ లెజెండ్స్ అనే గేమ్‌ను ఆపి, మిగతా కన్సోళ్లకు కూడా సిద్ధం చేసి సెప్టెంబర్‌లో విడుదల చేశారు. వీ యూ మొత్తం అమ్మకాలు 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయాయి. యూబీసాఫ్ట్ అంత పెద్దది కాబట్టి తట్టుకుంది. అదే పందెం ముగ్గురు మనుషులు కాస్తే ఏమవుతుందో ఆలోచించండి.

"మరి స్విచ్ సంగతి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2017లో వచ్చిన స్విచ్ 15 కోట్లు దాటింది, చిన్న స్టూడియోలు దాని మీద నిజంగానే బాగుపడ్డాయి. అయితే ఆ బాగుపడ్డ గేమ్‌లు ఏ దారిలో వచ్చాయో చూడండి. హాలో నైట్ ఆస్ట్రేలియాలో చిన్న బృందం చేసిన గేమ్. జనం దగ్గర చందాలు పోగు చేసుకున్నప్పుడు వీ యూకి ఇస్తామని చెప్పారు, ఆ కన్సోల్ చతికిలబడ్డాక స్విచ్‌కు మారారు. అయితే ముందు 2017 ఫిబ్రవరిలో పీసీ మీద వచ్చింది, స్విచ్ మీదికి వెళ్లింది 2018 జూన్‌లో. స్టార్‌డ్యూ వ్యాలీ కూడా అంతే, పీసీ మీద 2016 ఫిబ్రవరి, స్విచ్ మీద 2017 అక్టోబర్. ఈ రెండూ స్విచ్ గడప తొక్కేనాటికి వాటి పేరు జనం నోళ్లలో నానుతోంది, బగ్‌లు తీరిపోయాయి, చేతిలో డబ్బు ఉంది. స్విచ్ వాటిని పెద్దవి చేసింది నిజమే. కానీ ఏమీ లేని చోటి నుంచి పుట్టించలేదు.

ఇప్పుడు స్విచ్ 2. 2025 జూన్ 5న వచ్చింది, మొదటి 4 రోజుల్లో 35 లక్షలు, సెప్టెంబర్ ముగిసేసరికి కోటికి పైగా పోయాయి. చాలామంది నింటెండో సొంత గేమ్ మారియో కార్ట్ వరల్డ్ కలిపి ఉన్న ప్యాక్ కొన్నారు. కొత్త మెషిన్ కొన్న మొదటి ఏడాది మనిషి చేయి ఎటు పోతుంది? ఆ మెషిన్ ఎందుకు కొన్నాడో ఆ గేమ్ వైపు, తర్వాత తనకు తెలిసిన పేర్ల వైపు. ఇంకో సంగతి, పాత స్విచ్ గేమ్‌లు చాలావరకు దీనిమీద కూడా ఆడతాయి. కాబట్టి మీ పోటీ కొత్తగా వచ్చిన నాలుగు గేమ్‌లతో అనుకోవద్దు. ఎనిమిదేళ్లుగా పేరుకున్న, తరచూ సగం ధరకు దొరికే వేల గేమ్‌లతో మీ పోటీ.

పైగా మన ఊరి సంగతి. నింటెండో తన కన్సోళ్లను ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు. తిరుపతిలో స్విచ్ ఉన్న పిల్లవాడి దగ్గర అది చెన్నైలోనో ఆన్‌లైన్‌లోనో దిగుమతి సరుకుగా కొన్నదో, అమెరికా మామయ్య తెచ్చిందో అయి ఉంటుంది. గంగమ్మ జాతర అంటే ఒళ్లు పులకరించే జనం ఎక్కడున్నారు? కొర్లగుంటలో, గాంధీ రోడ్డులో, చిత్తూరులో, శ్రీకాళహస్తిలో ఉన్నారు, బెంగళూరు హాస్టళ్లలో ఉన్నారు. మీ గేమ్ గురించి మొదట పదిమందికి చెప్పేది వాళ్లే. వాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, ఫోన్ ఉంది, కొద్దిమంది ఇళ్లలో, గేమింగ్ సెంటర్లలో సోనీ కన్సోల్ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) ఉంది. పీఎస్5 అయినా 2021 ఫిబ్రవరి 2న ఇక్కడికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. స్విచ్ 2 ఒక్కదానికే గేమ్ ఇస్తే, బండ వేషం వేసుకుని వీధిలో తిరిగిన కుర్రాడే మీ గేమ్ ఆడలేడు. నాకు ఇది డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

ఇక ఖర్చు. మీ 18 లక్షల లెక్కలో డెవ్‌కిట్లు (డెవలపర్లకు ఇచ్చే ప్రత్యేక కన్సోళ్లు), ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) లైసెన్స్, 10 నెలల అద్దె, తిండి, సంగీతం ఉన్నాయి. సర్టిఫికేషన్ లేదు. కన్సోల్ గేమ్ చేసినవాళ్లకు, చేయనివాళ్లకు తేడా తెలిసేది అక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

గేమ్ పూర్తయ్యాక కన్సోల్ కంపెనీ దాన్ని పరీక్షిస్తుంది. నింటెండోలో లాట్‌చెక్ అంటారు, సోనీలో టీఆర్‌సీ, ఎక్స్‌బాక్స్‌లో ఎక్స్‌ఆర్. ఆట బాగుందా అని వాళ్లు చూడరు. ఆట మధ్యలో కంట్రోలర్ కనెక్షన్ పోతే గేమ్ సరిగ్గా స్పందిస్తుందా, సేవ్ అవుతున్నప్పుడు మెషిన్‌ను నిద్రపుచ్చి లేపితే సేవ్ ఫైల్ బతికి ఉందా, తెర మీద రాసిన బటన్ పేరు ఆ కన్సోల్ బటన్ పేరేనా, ఇలాంటివి వందల కొద్దీ. ఒక్కటి తప్పినా వెనక్కి పంపుతారు. మళ్లీ సరిచేసి, మళ్లీ పంపి, మళ్లీ వరుసలో నిలబడాలి.

ఒక గేమ్ మేం నాలుగోసారికి గట్టెక్కించాం. మొదటిసారి తప్పు సేవ్ దగ్గర. మా ప్రోగ్రామర్ పాత సేవ్ ఫైల్ మీదే కొత్తది రాసేవాడు. సరిగ్గా ఆ అర సెకనులో పవర్ బటన్ నొక్కితే పాతదీ లేదు, కొత్తదీ లేదు. పీసీ మీద ఏడాది పాటు ఎవరికీ కనిపించని తప్పు అది. రెండోసారి, సేవ్ సరిచేశాం కానీ ఇద్దరు ఆడేటప్పుడు రెండో కంట్రోలర్ పోతే మొదటివాడి మెనూ కూడా బిగుసుకుపోయింది. మూడోసారి బటన్ పేరు. జపాన్ భాషలోకి మార్చిన ఒక్క తెరలో వేరే కన్సోల్ బటన్ బొమ్మ ఉండిపోయింది. ఒక్క బొమ్మ! దానికి పండగ సేల్ తేదీ తప్పిపోయింది. ఆ తేదీ కోసమే చేసుకున్న ప్రచారం డబ్బంతా పోయింది.

మీకు ఇంకొకటి ఉంది, తెలుగు అక్షరాలు. మీరు యూనిటీ ఇంజిన్‌లో చేస్తున్నామని రాశారు, డైలాగులు తెలుగులోనే ఉండాలన్నారు. చాలా సంతోషం, అది వదలొద్దు. కానీ యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్ పరికరానికి మన వత్తులు సరిగ్గా పేర్చడం రాదు. "స్త్రీ" అని రాస్తే సకారం, పొల్లు, తకారం, మళ్లీ పొల్లు విడివిడిగా పడిపోతాయి. పీసీలో దీనికి ప్లగిన్ (ఇంజిన్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) పెట్టుకుని గట్టెక్కుతారు. ఆ ప్లగిన్ లోపల ఉండే లైబ్రరీని ఆ కన్సోల్ కోసం మళ్లీ కంపైల్ చేయాలి. చేసినవాళ్లు ఎవరో వెతకాలంటే, కన్సోల్ సంగతులన్నీ రహస్య ఒప్పందం కింద ఉంటాయి కాబట్టి బయట అందరి ముందూ అడగడానికి వీలుండదు. గోడో ఇంజిన్‌కు మారితే ఖర్చు తగ్గుతుందా అని కూడా అడిగారు. గోడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, కన్సోల్ కోడ్‌ను బయట పెట్టకూడదు. అందుకే అది నేరుగా కన్సోళ్లకు బిల్డ్ ఇవ్వదు, చాలావరకు వేరే కంపెనీ చేత చేయించుకోవాలి. 14 నెలల పని చేశాక ఇంజిన్ మార్చొద్దు.

రాబడి వైపు చూద్దాం. మీ గేమ్ ధర 1000 రూపాయలు అనుకుందాం. ఏడాది పొడవునా ఎవరూ పూర్తి ధరకు కొనరు, సేల్స్ కలుపుకుని సగటున 500 వచ్చిందనుకోండి. స్టోర్ 30 శాతం తీసుకుంటే 350. రీఫండ్లు, పన్నులు, అమెరికా అమ్మకాల మీద కోత (పాన్‌తో ఫారం సరిగ్గా నింపితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం, లేకపోతే 30) పోను చేతికి 300 అనుకుందాం. 18 లక్షలు తిరిగి రావాలంటే 6000 కాపీలు. మధ్యలో పబ్లిషర్, అంటే గేమ్‌ను విడుదల చేసి అమ్మిపెట్టే కంపెనీ, ఉండి సగం పంచుకుంటే 12,000. ఇందులో మీ ముగ్గురి 14 నెలల జీతం పైసా లేదు, తాకట్టు వడ్డీ లేదు. పేరు లేని స్టూడియో మొదటి గేమ్‌కు ఒకే ఒక్క కన్సోల్ మీద అన్ని అమ్ముడుపోవడం జరగదని అనను. కానీ దాని మీద ఇంటి స్థలం పెట్టేంత ధైర్యం నాకు లేదు, మీకూ ఉండకూడదు.

నా డబ్బు పోయిన సంగతి చెప్తానన్నాను. ఒక విదేశీ పబ్లిషర్ మా దగ్గరికి వచ్చి, ఒక గేమ్‌ను రెండు కన్సోళ్లకు పోర్ట్ చేయమన్నాడు. ముందు డబ్బు తక్కువ ఇస్తాను, అమ్మకాల్లో వాటా ఎక్కువ ఇస్తాను అన్నాడు. ఒప్పుకున్నాను. 11 నెలలు నలుగురి జీతాలు నా జేబులోంచి ఇచ్చాను. ఒప్పందంలో "ముందుగా పబ్లిషర్ ఖర్చులు తిరిగి వచ్చాక" అని ఒక వాక్యం ఉంది. ఏ ఖర్చులు, ఎంతవరకు అని రాసి లేదు. గేమ్ ఒక మోస్తరుగా అమ్ముడుపోయింది. ప్రతి మూడు నెలలకూ స్టేట్‌మెంట్ వచ్చేది, అందులో ప్రతిసారీ కొత్త ప్రచార ఖర్చు కలిసేది. మా వరుసలో సున్నా కనిపించేది. మా ఆవిడ గాజులు అప్పుడు బ్యాంకులో పెట్టినవి విడిపించుకోవడానికి మూడేళ్లు పట్టింది. మీ నాన్నగారి స్థలం మాట చదివినప్పుడు నాకు ఆ బ్యాంకు కౌంటర్ గుర్తొచ్చింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

కన్సోల్ మొత్తంగా మాయమైపోయే ప్రమాదం కూడా ఉంది. నింటెండోకు ఇప్పుడు ఆ భయం లేదు కాబట్టి తొందరగా దాటేస్తాను. కన్సోల్ బదులు ఇంటర్నెట్ మీదే గేమ్‌లు ఆడించే గూగుల్ స్టేడియా 2019 నవంబర్‌లో మొదలైంది, 2022 సెప్టెంబర్ 29న మూసేస్తున్నామని ప్రకటించారు, 2023 జనవరి 18న ఆగిపోయింది. దాని కోసం గేమ్‌లు చేస్తున్న డెవలపర్లలో చాలామందికి ఆ కబురు జనంతో పాటే తెలిసింది. కొన్నవాళ్లకు గూగుల్ డబ్బు తిరిగి ఇచ్చింది. డెవలపర్ల చేతిలో సగం చేసిన పని మిగిలింది. ఒకే మెషిన్‌కు కట్టుబడటం పెద్దవాళ్లకే గిట్టడం లేదు. జపాన్ గేమ్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ 2024 మేలో ఇకనుంచి పెద్ద గేమ్‌లను అన్ని మెషిన్లకూ ఇస్తామని తన మూడేళ్ల ప్రణాళికలో ప్రకటించింది. అదే ఏడాది ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ కూడా తన గేమ్‌లు నాలుగింటిని ఇతర కన్సోళ్లకు పంపింది.

దీనికి ఎదురు ఉదాహరణ మీరే ఇచ్చారు: పుణె వాళ్లు చేసిన రాజీ అనే గేమ్. నిజమే, 2020 ఆగస్ట్ 18న అది ముందు స్విచ్ మీదే వచ్చింది. మన పురాణ కథ, మన బొమ్మలు, అంతర్జాతీయంగా పేరు తెచ్చుకుంది. నేనూ గర్వపడ్డాను. కానీ దాని వెనుక ఉన్నదంతా చూడండి. 2017లో చందాలకు వెళ్తే అనుకున్నంత రాలేదు. ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు. తర్వాత పబ్లిషర్ దొరికాడు. విడుదల రోజున నింటెండో తన సొంత ఇండీ (చిన్న స్టూడియోల గేమ్‌ల) ఆన్‌లైన్ ప్రదర్శనలో దాన్ని చూపించింది. రెండు నెలలు తిరక్కుండానే పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మీదికి కూడా వెళ్లింది. ఆ ప్రదర్శనలో దొరికిన నిమిషం వెల కట్టలేనిది. మీకు ఆ నిమిషం ఇస్తామని నింటెండో రాసి ఇస్తే నేనే మొదట చప్పట్లు కొడతాను. ప్రస్తుతానికి మీ చేతిలో అలాంటి కాగితం లేదు.

వెన్బా కూడా చూడండి. కెనడాలో ఒక తమిళ కుటుంబం, ఇడ్లీ, పుట్టు, బిర్యానీ వంటల గేమ్. 2023 జూలై 31న స్విచ్, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్, పీసీ అన్నిటి మీదా ఒకేసారి వచ్చింది, మైక్రోసాఫ్ట్ చందా సర్వీస్ గేమ్ పాస్‌లో కూడా మొదటి రోజే ఉంది. మన వంటింటి కథ ప్రపంచానికి అర్థం కాదేమో అనే టెన్షన్ మీకు అక్కర్లేదని దాన్ని చూసే చెబుతున్నాను. మాతంగి వేషం ఘట్టంలో ఏ వివరమూ తగ్గించొద్దు.

కాబట్టి నా సలహా ఇది. ఆ 6 లక్షల్లోనే పని మొదలుపెట్టండి. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పేజీ తెరవడానికి 100 డాలర్లు, అమ్మకాలు 1000 డాలర్లు దాటితే అది కూడా తిరిగి వస్తుంది. జాతర ఎలాగూ మే నెలలో వస్తుంది, ఆ వారం ఊరంతా వేషాలే. ట్రైలర్‌ను, గంట డెమోను ఆ వారానికే సిద్ధం చేయండి. బైరాగి వేషం రోజు బైరాగి వీడియో, దొర వేషం రోజు దొర వీడియో పెట్టండి. ఈ అవకాశం ఏ కన్సోల్ కంపెనీ ఇచ్చేది కాదు, మీ ఊరు మీకు ఇస్తోంది. రాబోయే గేమ్‌ల డెమోలు చూపించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో డెమో పెట్టి, ఎంతమంది విష్‌లిస్ట్‌లో (కొనాలనుకునే గేమ్‌ల జాబితాలో) వేసుకున్నారో, ఏ దేశం వాళ్లు వేసుకున్నారో రాసి పెట్టుకోండి. తర్వాత పబ్లిషర్‌తోనైనా, కన్సోల్ కంపెనీతోనైనా మాట్లాడేటప్పుడు ఆ అంకెలే మీ బలం. సోనీ 2023లో ప్రకటించిన ఇండియా హీరో ప్రాజెక్ట్ మన దేశపు స్టూడియోల కోసమే, డబ్బు సాయం, సలహా రెండూ ఉంటాయి. ఆట ఆడి చూపించగలిగే స్థితికి వచ్చారు కాబట్టి అలాంటి వాటికి దరఖాస్తు చేయండి. గేమ్ పాస్ లాంటి చోట ముందుగానే కొంత మొత్తం ఇస్తామంటే, అప్పుడు ఆ కన్సోల్ మీద ఎంతైనా కష్టపడండి, ఎందుకంటే ఆ పందెంలో వాళ్ల డబ్బు కూడా ఉంటుంది.

పీసీ మీద చేస్తూనే కన్సోల్‌కు సిద్ధంగా రాయండి, దీనికి పైసా ఖర్చు లేదు. మొదటి రోజు నుంచీ కంట్రోలర్‌తోనే ఆడండి. సేవ్ చేసే కోడ్ అంతా ఒకే చోట ఉంచండి, కొత్త ఫైల్ పూర్తిగా రాశాకే పాతది తీసేయండి. బటన్ బొమ్మలు డైలాగుల్లో అతికించకుండా వేరుగా పెట్టండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పాత ల్యాప్‌టాప్ మీద సెకనుకు 30 ఫ్రేములు వస్తున్నాయో లేదో వారం వారం చూడండి. జాతర రోజు వీధిలో గుంపు ఉన్న ఘట్టంలో మీ గేమ్ నత్తలా నడుస్తోందని మీరే రాశారు, కన్సోల్ మీద అది ఇంకా బయటపడుతుంది.

ఒక చిన్న విషయం, మీరు అడగలేదు గానీ చెప్పాలి. బండ వేషం ఘట్టంలో తిట్లు ఉన్నాయన్నారు. జాతరలో అది సంప్రదాయమే, తీసేయమనను. కన్సోల్ స్టోర్లలో డిజిటల్ విడుదలకు వయసు రేటింగ్ కోసం ఐఏఆర్‌సీ ప్రశ్నావళి ఉచితంగా నింపుతారు. అందులో భాష గురించి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. తెలుగు తిట్టు వాళ్లకు అర్థం కాదులే అని దాచితే, ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజు రేటింగ్ మారుస్తారు, స్టోర్ నుంచి కొన్నాళ్లు తీసేయొచ్చు కూడా.

పబ్లిషర్ ఎవరైనా వస్తే సంతకానికి ముందు మూడు చోట్ల ఆగండి. తిరిగి రాబట్టుకునే ఖర్చులకు గరిష్ఠ పరిమితి అంకెల్లో ఉందా? సర్టిఫికేషన్‌లో గేమ్ వెనక్కి వస్తే ఆ ఖర్చు ఎవరిది? ఇన్నేళ్లు అమ్మకపోతే హక్కులు మీకు తిరిగి వస్తాయని రాసి ఉందా? ఒప్పందం మన లాయర్‌కు చూపించండి, గేమ్‌ల గురించి తెలియకపోయినా ఈ మూడు వాక్యాలు చదవడం ఆయనకు వచ్చు.

స్థలం పత్రాలు నాన్నగారికి తిరిగి ఇచ్చేశాక డెమో లింక్ ఇక్కడే పెట్టండి. నా దగ్గర నాలుగు రకాల కంట్రోలర్లున్నాయి, ఆదివారం కూర్చుని ఆడతాను. ముందు దొర వేషం ఘట్టం చూస్తాను. దొర వచ్చాడని నమ్మి పాలెగాడు బయటికి వచ్చే ఆ క్షణంలోనే గేమ్ సేవ్ అవుతుందన్నారు కదా, సరిగ్గా అప్పుడు కంట్రోలర్ పీకేసి ఏమవుతుందో చూడాలి.